నీలమ్మ పక్క చోటు

జమ్మలమడుగు
14-9-1953

ప్రియమైన ఇనాయత్‌కు,

నువ్వు ప్రొద్దుటూరు బడికి బదిలీ అయ్యాక ఇక్కడి ఉపాధ్యాయుల గదిలో నవ్వు తగ్గింది. నేను మామూలుగానే ఉన్నాను.

అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం వస్తోంది. బడి ఆవరణలో సభ. హెడ్మాస్టరు గురురాజారావు గారు నన్ను మాట్లాడమన్నారు. బళ్లారి మైసూరుకు పోతోందని ఊళ్లో అందరికీ మంట. నాది బళ్లారి జిల్లా సిరుగుప్ప, ఇంటి భాష కన్నడం. అలాంటివాడు లేచి ఈ రాష్ట్రాన్ని మెచ్చుకుంటే జనానికి ఊరటగా ఉంటుందని ఆయన ఆలోచన. ఒప్పుకున్నాను.

నీలమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం మా లింగాయతుల రుద్రభూమికి వెళ్లి ముళ్లకంప కొట్టి వచ్చాను. చివరి రోజుల్లో సిరుగుప్పకు తీసుకుపోదామని మా అన్న అన్నప్పుడు ఆమే వద్దంది. "నన్ను ఈడే కూర్చోబెట్టండి" అంది. మాలో చనిపోయినవాళ్లను కూర్చోబెట్టి, చేతిలో లింగం పెట్టి పూడుస్తారని నీకు తెలుసు. భార్య పక్కన భర్తకు చోటు విడుస్తారు. ఆమెను పూడ్చిన రోజు కులపెద్ద సిద్ధలింగప్ప అక్కడ ఒక వేపకర్ర పాతి, "అయ్యవారూ, ఇది నీ చోటు. ఎవురికీ ఇయ్యం" అన్నాడు. ఇప్పుడు నాకు మిగిలిన ఆస్తి ఆ చోటే.

మైమూన్‌కు నమస్కారాలు.

నీ
మల్లికార్జునయ్య


ప్రొద్దుటూరు
20-9-1953

ప్రియమైన మల్లికార్జునకు,

సభలో మాట్లాడుతున్నావంటే సంతోషం. నీ ఉత్తరం మైమూన్‌కు చదివి వినిపించాను. ఆమె నవ్వి ఒక సంగతి చెప్పింది. నీకు తెలుసో లేదో.

మీరు పులివెందుల నుంచి బదిలీ మీద జమ్మలమడుగు వచ్చిన కొత్తలో మీ పక్కింటి ప్రమీలమ్మ చెంబెడు మజ్జిగ ఇచ్చిందట. నీలమ్మ రెండు చేతులూ జోడించి "శానా మేలు చేసినారమ్మా" అందట. ప్రమీలమ్మ మూతి ముడుచుకుని, "నేనేమన్నా పరాయిదాన్నా, దండం పెట్టేకి?" అని నెలరోజులు గడప తొక్కలేదు. తర్వాత ఒకనాడు నీలమ్మే ఆమె ఇంటికి పోయి, అడక్కుండా కూర గిన్నె ఎత్తుకుని, రుచి చూసి, "ఉప్పెక్కువైంది గదే" అందట. ఆ రోజుతో ఇద్దరూ ఒకటైపోయారు.

మైమూన్ మాట ఇది: "అన్నకు రాయండి. సభలో పొగిడితే పొగడనీ, యాడన్నా ఒకచోట ఉప్పెక్కువైందని గూడా అనమనండి."

నువ్వు అనవని నాకు తెలుసు. అయినా రాశాను.

నీ మేలు కోరే
ఇనాయతుల్లా


జమ్మలమడుగు
5-10-1953

ప్రియమైన ఇనాయత్‌కు,

సభ బాగా జరిగింది. రాత్రంతా కూర్చుని రాసుకున్నాను. మైమూన్ సలహా పాటించలేదు. అంతమంది ముందు మజ్జిగ గురించీ ఉప్పు గురించీ ఏం మాట్లాడను?

నేను అతిథినన్నాను. ఎక్కడివాడినో అయినా నన్ను ఆదరించి అన్నం పెట్టిన ఈ నేలకు, ఈ రాష్ట్రానికి ఎన్నటికీ కృతజ్ఞుణ్ణి అన్నాను. చప్పట్లు ఆగలేదు. పూలదండ వేశారు. సిద్ధలింగప్ప కండువాతో కళ్లొత్తుకోవడం చూశాను. నీలమ్మ ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది. నిన్న హోటల్లో నేను వెళ్లగానే బెంచీ మీదివాళ్లు లేచి నిలబడ్డారు. ఇదివరకు "జరగప్పా అయ్యవారూ" అని నన్నే తోసేవాళ్లు. ప్రమీలమ్మ కూడా "కూర్చోండి సార్" అంటోంది.

మా అన్నకు పక్షవాతమని సిరుగుప్ప నుంచి తంతి వచ్చింది. దసరా సెలవులు కలుపుకుని రేపు బయలుదేరుతున్నాను. నీలమ్మ చీరలు ట్రంకుపెట్టెలో పెట్టి తీసుకుపోతున్నాను. మా వదినకు ఇవ్వాలి. ఇంట్లో ఉంచుకుని చూడలేను.

నీ
మల్లికార్జునయ్య


సిరుగుప్ప
22-10-1953

ప్రియమైన ఇనాయత్‌కు,

అన్న మాట్లాడలేడు, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు. సెలవు పొడిగించమని రాశాను.

బయలుదేరిన రోజు సంగతి నీకు చెప్పాలి. బస్సు దగ్గరికి వీధి వీధంతా వచ్చింది. పెట్టె నన్ను మోయనివ్వలేదు. ప్రమీలమ్మ చిత్రాన్నం మూట కట్టి ఇచ్చి ఏడ్చింది. "మమ్మల్ని మర్చిపోగాకండి సార్" అంది. నెల తిరక్కుండా వస్తానంటే ఎవరూ విన్నట్టు లేదు. సెలవుకు పోయేవాడికి ఇంత వీడ్కోలా అని దారంతా ఆశ్చర్యపోయాను.

ఇక్కడివాళ్లకు నా కన్నడం నవ్వు తెప్పిస్తోంది. తెలుగువాడిలా మాట్లాడుతున్నానట. త్వరగా తిరిగి రావాలని ఉంది.

నీ
మల్లికార్జునయ్య


ప్రొద్దుటూరు
2-11-1953

ప్రియమైన మల్లికార్జునకు,

ఈ మాట నువ్వు బస్సు దిగి ఎవరి నోటనో వినకూడదని రాస్తున్నాను.

సిద్ధలింగప్ప తల్లి గౌరమ్మ పోయింది. మొన్న పరామర్శకు జమ్మలమడుగు వెళ్లాను. ఆమెను నీలమ్మ పక్కన కూర్చోబెట్టారు. నీ చోట్లో.

"ఏందప్పా ఈ పని?" అన్నాను.

"ఏం పని? అయ్యవారు పాయ గదా."

"సెలవుకు పోయినాడు."

"పెట్టె ఎత్తుకొని సెలవుకు ఎవురు పోతారప్పా? అంతమంది ముందర అతిథినన్యాడు. చేతులు జోడించినాడు. మనోడైతే అట్లంటాడా? బళ్లారి ఆ రాష్ట్రానికి పాయ, ఆయప్ప గూడా మనసు అటు మళ్లించుకున్యాడని నేను ఆ పొద్దే కండ్లనీళ్లు పెట్టుకుంటి. అతిథిని ఉండమని బలవంతం చేస్తామా?"

"ఆయన భార్య ఈడ ఉంది గదప్పా."

"నీలమ్మది వేరే. నీలమ్మ మా యింటి మనిషి. మా యమ్మకు ఆమె అంటే పానం. పక్కపక్కన ఉంటే మాట్లాడుకుంటారని పెడితిమి."

నువ్వు తిరిగి వస్తున్నావని చెప్పాను. కూర్చోబెట్టినాక కదిలించేది లేదని అతనూ అన్నాడు, నాకూ తెలుసు. పీకేసిన వేపకర్ర అతని వసారాలో ఉంది. నీకివ్వమని నా చేతికిచ్చాడు. మా ఇంట్లో పెట్టాను. మైమూన్ రెండు రోజులుగా దాని వంక చూడటం లేదు.

ఏం రాయాలో తెలియని
ఇనాయతుల్లా


జమ్మలమడుగు
4-11-1956

ప్రియమైన ఇనాయత్‌కు,

మూడేళ్లుగా మనం ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నాం. ఆ విషయం నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ రోజు రాయాలనిపించింది.

ఒకటో తేదీన ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మళ్లీ సభ, మళ్లీ నన్నే అడిగారు. గొంతు బాగాలేదన్నాను. వెనక నిలబడి విన్నాను. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఒక గుమాస్తా మాట్లాడాడు. ఈ ఊరి మంచితనానికి చేతులు జోడించాడు. బాగా చప్పట్లు కొట్టారు. అతని దగ్గరికి వెళ్లి ఏదైనా చెబుదామనుకున్నాను. అప్పటికే దండ వేసేశారు.

సాయంత్రం ప్రమీలమ్మ పప్పుపులుసు పంపింది. గిన్నె నేనే తీసుకుపోయి ఇచ్చి, ఉప్పెక్కువైందన్నాను. అప్రయత్నంగా వచ్చిన మాట కాదు. దారిలో రెండుసార్లు అనుకుని పోయాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నోరు లేచిందే అయ్యవారూ నీకు. ఇన్నాళ్లు యాడికి పోయింటివి?" అంది.

సార్ అనలేదు. నేను ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఈ కబురు ఆమే చెప్పిందో ఏమో, మర్నాడు సిద్ధలింగప్ప వచ్చాడు. ముసలివాడైపోయాడు. నన్ను రుద్రభూమికి వెంటబెట్టుకుపోయి పడమటి గోడ పక్కన ఒక చోటు చూపించాడు. "ఇదొక్కటే మిగిలింది. ఈసారి రాయి పాతిస్తా" అన్నాడు. సరేనన్నాను. చేతులు జోడించలేదు.

ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. కంప కొట్టేటప్పుడు గౌరమ్మ చుట్టూ కూడా కొడతాను. ఆమె బాగా మాట్లాడే మనిషి. నీలమ్మకు పొద్దుపోతుంది. నేను పక్కనున్నా అన్ని మాటలు మాట్లాడేవాణ్ణి కాదు.

ఆ వేపకర్ర మీ ఇంట్లో ఇంకా ఉంటే పొయ్యిలో పెట్టమని మైమూన్‌తో చెప్పు.

నీలమ్మను తూర్పుముఖంగా కూర్చోబెట్టాం. గోడ ఆమె వెనక వైపు. నేను అక్కడ కూర్చున్నా ఆమెకు తెలియదు.

నీ
మల్లికార్జునయ్య