గేటు దగ్గరి సంతకాలు

పెద్దమేడం గారికి, గేటు దగ్గరుండే మీ వాచ్‌మన్ నమస్కరించి రాసుకుంటున్నది.

బడి పక్కన ఇల్లు లేనివాళ్ళకి వసతిగృహం కట్టొద్దంటూ మీరిచ్చిన అర్జీ మీద తల్లిదండ్రుల సంతకాలన్నీ తీసుకున్నాను. నేను అడిగితే కాదన్నవాళ్ళు లేరు. రెండో తరగతి పాప వాళ్ళమ్మ సంతకం పెడుతూ, "ఇల్లూ వాకిలీ లేనివాళ్ళని ఎలా నమ్ముతాం తాతా? నువ్వున్నావు కాబట్టి మాకు ధైర్యం" అంది. నేను తలూపాను.

చివరి వరస నాకోసం ఉంచుకున్నాను. పేరు రాశాను, పని రాశాను. ఇంటి చిరునామా రాయాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది. పందొమ్మిదేళ్ళుగా గేటు పక్క గదిలోనే ఉన్నాను. మా ఆవిడ కన్నుమూసింది కూడా అక్కడే. ఒకటో తారీఖున కొత్త వాచ్‌మన్ వస్తాడు, తాళంచెవి అప్పగించమని ఆఫీసులో చెప్పారు. ఎక్కడికెళ్తావని ఎవరూ అడగలేదు. వాళ్ళ తప్పు కాదు, నేనూ చెప్పుకోలేదు.

ఆ గడి ఖాళీగానే వదిలేసి అర్జీ పంపుతున్నాను. గంట కొట్టే సుత్తికి పిడి వదులైతే గుడ్డపేలిక చుట్టాను. కొత్తతనికి ఆ మాట చెప్పండి.

ఒక్క మనవి అమ్మా. వసతిగృహాన్ని వేరేచోట కట్టమని అడిగేటప్పుడు, మరీ దూరం వద్దని కూడా ఒక ముక్క రాయండి. బడి గంట వినపడేంత దగ్గరైతే చాలు. అతను వేళకి కొడుతున్నాడో లేదో వింటూ ఉంటాను.