గంటసేపు మాట్లాడకూడదట

అమ్మాయీ, పాలు కాచి పొయ్యి మీదే ఉంచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. ఐరన్ మాత్ర భోజనం అయ్యాకే వేసుకో. నువ్వు లేస్తే వెంట వస్తానంటావని లేపకుండా ఈ చీటీ పెట్టి వెళ్తున్నాను, అబ్బాయి బండి తీస్తున్నాడు. స్కాన్‌కి ముందు సూదితో ఎక్కించే మందులో రేడియేషన్ ఉంటుందట. కడుపుతో ఉన్నవాళ్ళు ఇవాళంతా నా దగ్గరికి రాకూడదని నర్సు రెండుసార్లు చెప్పింది. రాత్రికి మా అక్క ఇంట్లో పడుకుంటాను.

మెడలో గడ్డ క్యాన్సరేనని తేలింది కానీ, అది పుట్టింది అక్కడ కాదట. నాలుక వెనకో టాన్సిల్‌లోనో నక్కి ఉందట. గొట్టం వేసి చూసినా దొరకలేదు. ఇవాళ స్కాన్‌లో వెలిగి కనబడితే అక్కడికే వైద్యం చేస్తారు, లేకపోతే గొంతంతా రేడియేషన్ కరెంటు పెట్టాలంటున్నారు. డాక్టరు చెప్తుంటే ఎవరి సంగతో విన్నట్టుంది. ఏడుపు కూడా రాలేదు.

సూది వేశాక గంటసేపు నోరు మెదపకూడదట, మాట్లాడితే గొంతు కండరాలే వెలుగుతాయట. నేను, గంటసేపు! నవ్వుకుంటావని తెలుసు, నవ్వుకో.

తల దువ్వుతూ నువ్వు గడ్డ చూసి అడిగిన రోజు "నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను. అప్పటికే రెండు నెలలుగా దాన్ని తడుముకుంటున్నాను.

ఇంకోమాట. రిపోర్టు వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలని ఫారంలో అడిగితే, కోడలు అని నీ నంబరు రాశాను. అబ్బాయైతే "ఏం లేదమ్మా" అంటాడు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు.