బాపు పాటల హార్డ్ డిస్క్

మొయినాబాద్,
శనివారం, పొద్దుగాల.

జెన్నీ అక్కకు,

నీ తమ్ముడు వందనాలు చెప్పి రాసేది. దేవుని దయతోని ఇంట్ల అవ్వ, బాపు, నేను ముగ్గురం మంచిగనే ఉన్నం. నాగ్‌పూర్ దవాఖానల నీకు డ్యూటీలు తగ్గినయో లేదో, నడుము నొప్పి ఎట్లున్నదో రాయి. "ఫోన్ల అయితే కోపమొచ్చి పెట్టేస్తవ్, కాయితం మీద పెట్టేయరాదు, రాయి" అని నువ్వన్నప్పటి నుంచి ఇది నాలుగో ఉత్తరం. వేళ్లు నొస్తున్నయ్. అయినా నీ మాట నిజమే. రెండు పేజీలు రాసేసరికి కోపం సగమైతది.

బాపు తిండి గురించి అడిగినవ్. గొంతు ఆపరేషన్ అయ్యి ఏడు నెలలాయె. మెత్తగ పిసికిన పప్పన్నం మంచిగనే మింగుతుండు. గొంతు కాడి రంధ్రం మీద గుడ్డ, నువ్వు చెప్పినట్టే, రెండు పూటల మారుస్తున్న. మాట్లాడేది మొత్తం పలక మీదనే. పోయిన ఆదివారం చర్చిల అందరు పాటను ఉరికిస్తుంటే ముందట కూసొని పలక మీద "నిమ్మళంగ" అని రాసి పైకెత్తి సూపిచ్చిండు. పాస్టరుగారు కూడ నవ్విన్రు.

నా పని అడిగినవ్. అదే పని. చిన్న మంగళారం ఊరి ఫామ్‌హౌసులల్ల కెమెరాలు బిగిచ్చుడు. అక్కడ కుక్కకు ఏసీ రూమున్నది, నేను నీళ్లు అడిగితే బోరు కాడికి పోయి తాగమన్నరు. మా మేస్త్రి ఏమో "పది ఫెయిలైనోడివి, నువ్వు వైర్లు గుంజు, సెట్టింగ్ నేను చేస్త" అంటడు. ఆయన పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడల్ల తీసేది ఎవరు? నేను. యూట్యూబ్ చూసి, చెడిపోయినయి విప్పి నేర్సుకున్న. ఎవ్వడు నేర్పలే. సరే, ఆ కోపం మళ్ల ఎప్పుడన్న రాస్త.

ఈ ఉత్తరంతోని బాలరాజ్ అన్న నీకొక స్టీలు టిఫిన్ డబ్బ ఇస్తడు. చేవెళ్ల నుంచి క్యారెట్ లారీ నాగ్‌పూర్ తోలేది ఆయననే. డబ్బల తినేది లేదు. అవ్వ పాత చీర ముక్కల చుట్టిన హార్డ్ డిస్క్ ఉన్నది. పోయిన ఉత్తరంల బాపు పాటలన్ని పోయినయ్ అని రాసిన కదా. పోలే అక్క. దొరికినయ్.

నీకు తెలుసు, నలభై ఒక్క పాటలు. అన్ని బాపు సొంతంగ కట్టి, ఆపరేషన్‌కు పోయే ముందు మన పాత కంప్యూటర్ కాడ కూసొని పాడినయి. ఆ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడ లేదు. కంప్యూటర్ ఎప్పుడు ఆగిపోతదో తెల్వక, పాటలు ఇంకో తావుల కూడ ఉండాలె అని హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చిన. మూడు వారాల కింద శుక్రవారం సాయంత్రం పాటలు అందులకు ఎక్కేతట్టు పెట్టిన. అదే ఇంటి ప్రార్థన దినం. ఒకసారి పాస్టరుగారు ప్రార్థనకు కండ్లు మూసినంక టీవీల సబ్బు అడ్వర్టైజ్‌మెంట్ మొత్తుకున్న కాడి నుంచి అవ్వ ఏం చేస్తదో నీకు తెలుసు. ప్రార్థన ముందు లైటు తప్ప బోర్డు మీద స్విచ్చులన్ని వరుసగ బంద్ చేస్తది. ఆ దినం కూడ చేసింది. నేను బయట పాస్టరుగారి బండికి స్టాండు ఏస్తున్న. లోపటికొచ్చి సూసేసరికి కంప్యూటర్ నల్లగయింది. మళ్ల పెడితే డిస్క్ తెరుచుకోదు, కంప్యూటర్ల పాటల ఫోల్డర్ ఖాళీ.

ఎవరి కాడికి పోవాల్నో ఇన్ని దినాలు తోచలే. నేను కెమెరాలు పెట్టిన ఇండ్లల్ల ఒకాయన ఉన్నడు, ఈశ్వరప్రసాద్ సార్. ఆంధ్ర నుంచి వచ్చి ఇరవై ఏండ్లాయె, సాఫ్ట్‌వేర్ పని. గేటు కాడనే మాట్లాడి పంపిస్తడు అనుకొని, అప్పుడు అనాల్సిన నాలుగు మాటలు కూడ తోవల తయారు చేసుకున్న. ఆయన నా చేతిలకెళ్లి కంప్యూటర్ అందుకొని, సోఫాల కూసోబెట్టి, "పోయాక దీంట్లో కొత్తగా ఏమీ పెట్టలేదు కదయ్యా?" అని అడిగిండు. లేదన్న. "అయితే మంచి పని చేశావు. తుడిచేసినా పైన ఇంకోటి రాయనంతవరకు లోపల మిగిలే ఉంటాయి. చూద్దాం" అన్నడు. నాలుగు గంటలు పట్టింది. ముప్పై ఎనిమిది పాటలు వచ్చినయ్. మొదటి పాట మోగంగనే ఆయన భార్య వంటింట్లకెళ్లి వచ్చి నిలబడి, "ఎవరండీ పాడేది?" అన్నది. "మా బాపు" అన్న.

మూడు రాలే. తెరిస్తే గరగర తప్ప ఏం లేదు.

ఇగ ఇన్ని దినాలు దాచిన మాట. సార్ ఇంకొకటి కూడ అడిగిండు. "కాపీ చేశావా, కట్ చేశావా?"

కట్ చేసిన అక్క. కంప్యూటర్ల జాగ లేదు, పాటలు డిస్క్‌లకు పోయినట్టు ఉంటది, ఇక్కడ ఖాళీ అయినట్టు ఉంటది అనుకున్న. కాపీ చేసి ఉంటే అవ్వ వంద స్విచ్చులు బంద్ చేసినా ఒక్క పాట పోయేది కాదు. నాకు ఆ నిమిషమే తెలుసు. తెలిసి కూడ పాస్టరుగారి ముందట కన్న అవ్వ మీద ఒర్రిన. "నీ చేతులు పడ, బాపు గొంతు నువ్వే బంద్ చేసినవ్" అన్న. నీకు కూడ అట్లనే రాసిన. నా రాత నమ్మి నువ్వు అవ్వకు ఫోన్ చేసి గట్టిగ అన్నవ్. ఆ దినం నుంచి అవ్వ స్విచ్చు ముట్టుకోలే. ఉక్కపోసినా చెమటల కూసుంటది, ఫ్యాన్ కోసం బాపుకు సైగ చేస్తది. నేను సూసుకుంట కూడ మూడు వారాలు నోరు తెరవలే.

మొన్న పాటలు తెచ్చినంక చెప్పిన. బాపు కూడ అక్కడనే ఉన్నడు.

"కాపీ అంటే ఉన్నది ఉన్నట్టుంచి ఇంకోటి చేసుడు అవ్వ. కట్ అంటే ఉన్నదే ఎత్తుకపోవుడు. నేను ఎత్తుకపోయిన."

అవ్వ అన్నది, "అంటే ఇల్లు ఖాళీ చేసి సామానంత ట్రాక్టర్‌ల ఏసినవ్. నేను నడుమ ట్రాక్టర్ ఆపిన."

"అవును."

"ట్రాక్టర్ ఆపితే సామాను యాడికి పోతదిర? నువ్వు తాడు కట్టలే."

బాపు నవ్విండు. చప్పుడు లేదు, గొంతు మీది గుడ్డ ఎగురుతున్నది. అవ్వ లేసి నా నెత్తి మీద ఒక్కటిచ్చి, పోయి ఫ్యాన్ ఏసుకున్నది.

పోయిన మూడింట్ల ఒకటి నువ్వు నర్సు ట్రైనింగ్‌కు పోయిన దినం బాపు కట్టిన పాట. రాగం నాకు వస్తది, మాటలు రావు. బాపు పలక మీద ఒక్కొక్క చరణం రాసిండు. నేను పాడిన. ఆయన తొడ మీద తాళమేసుకుంట, తప్పినప్పుడల్ల పలకతోని నా మోకాలు మీద కొట్టిండు. ఏడుసార్లు పాడిచ్చిండు. ఎనిమిదోసారి చెయ్యి ఎత్తి చాలన్నడు. మంచిగొచ్చిందో, ఆయనకు ఓపిక అయిపోయిందో తెల్వదు. మిగిలిన రెండు కూడ అట్లనే పాడిన. ఇప్పుడు నలభై ఒకటి సరిపోయినయ్, మూడు నా గొంతుతోని. నవ్వకు.

కంప్యూటర్ల ఒకటి, బీరువల ఒకటి, నీ కాడ ఒకటి. ఇంటికి ఏమన్న అయినా ఇంకో ఊర్ల ఒకటి ఉండాలె అని సార్ చెప్పిండు. హాస్టల్ల తడి తగలకుండ పెట్టు. ఈసారి కాపీనే చేసిన, మూడుసార్లు సూసుకున్న.

డబ్బ అందంగనే పాట వినకు. ముందుగాల అవ్వకు ఫోన్ చెయ్యి. నా తప్పు నేను ఒప్పుకున్న. నువ్వు అన్న మాటలు నువ్వు వాపస్ తీసుకో. అవ్వ ఫోన్ పెట్టేసినంక వినుకో.

ఇట్లు,
నీ మీద ఏ కోపం లేని
తమ్ముడు సుకుమార్