కంచంలో దొరికిన ఉంగరం

ఏమండీ,

ఉంగరం కోసం ఇల్లంతా తిరగెయ్యొద్దు, నా దగ్గర భద్రంగా ఉండాది. నేను పురసవాక్కంలో అక్కావాళ్ళింటికి పోతున్నా, చీకటి పడేలోపు వస్తా. రసం కుంపటి మీదుంది. తలనొప్పి మాత్ర అన్నం తిన్నాకే వేసుకోండి.

కంచంలో చెయ్యి కడగొద్దని మొత్తుకుంటానే ఉంటా, మీరు వినరు. పొద్దున ఆ నీళ్ళలోనే దొరికింది ఉంగరం. కొళాయి కాడ కడిగుంటే తూములో పోయుండేది. అందుకని ఈ పూటకి తిట్టను.

ఈ పాడు జబ్బుతో వేళ్ళు లావెక్కితే, పోయినేడాది కంసాలి రంపంతో కోసి తీసి, పెద్దది చేసిచ్చిన ఉంగరం కదా ఇది! ఇప్పుడు దానంతటదే జారింది. ఈ జబ్బుకి మూలమైన తలలో గ్రంథికి పెట్టించిన ఎక్స్‌రే వైద్యం పని చేస్తా ఉండాదండీ. రేపు డాక్టరుకి మీ నోటితోనే చెప్పండి.

కుముదిని

మరిచా. బిగువు చేయించడానికి కంసాలి కాడికి పోవద్దు. నేనే దారం చుట్టిస్తా. ఇంకా వదులైతే ఇంకో చుట్టు చుడతా.