బావ చూసిన చీమ

కళ్యాణదుర్గం,
6-8-1979

నారాయణప్ప బావకు, బావమరిది శ్రీరంగప్ప నమస్కరించి రాసేది.

1943లో "వారంలో తిరిగిస్తా" అని మాటిచ్చి నా ఇత్తడి సూక్ష్మదర్శిని తీసుకుపోయావు. బళ్లారి పాతసామాన్ల అంగడిలో కొన్నది, జేబులో పట్టేది. ఆ వారం ఎప్పుడొస్తుందా అని ముప్పై ఆరేళ్లుగా పంచాంగాలు తిరగేస్తున్నాను.

ఇప్పుడు అవసరం పడింది. నా ఐదెకరాల వేరుశనగలో ఆకులు ముడుచుకొని మాడిపోతున్నాయి. వ్యవసాయాధికారి జీపు దిగకుండానే "వానల్లేక" అని తేల్చేశాడు. ఆకు లోపల పురుగుందని నా అనుమానం. నా కళ్లకు వార్తాపత్రికే ఆనడం లేదు. పురుగని రుజువు చేస్తేనే మందూ పిచికారీ యంత్రమూ పంపుతారట. ఆలస్యమైతే పంట దక్కదు. వెంటనే పంపు.

నీ మాట నమ్మి చెడినవాడు,
శ్రీరంగప్ప

తా.క. బస్సు కండక్టరు చేతికి ఇవ్వొద్దు. పోయినసారి నువ్వు పంపిన మామిడిపండ్ల బుట్టలో నాకు బుట్ట మాత్రమే అందింది.

వజ్రకరూరు,
9-8-1979

శ్రీరంగప్పకు ఆశీస్సులు.

నీ వస్తువు భద్రంగా ఉంది. పనిచేస్తుందో లేదో చూద్దామని నిన్న చేను గట్టున కూర్చొని, రాయి మీద పాకే చీమను దాంతో చూశాను. అక్కడే చెడింది. మొన్న ఇక్కడ ఒక వాన పడింది. వాన పడితే మా ఊరంతా తలలు వంచుకొని వజ్రాల కోసం చేలల్లో తిరుగుతుందని నీకు తెలుసు. పక్కచేను ఎర్రిస్వామి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా నారాయణప్పా, ఏం దొరికినాది?"

"చీమ."

"చీమను చూసేకి ఇత్తడి సామాను కావల్నా? చెప్పకపోతే మాన్లే."

సాయంత్రానికి నా చేలో నలభై మంది. ఈ అద్దం ఊరు దాటితే రాయీ దాటినట్టేనని బస్సు ఆగేచోట ఇద్దరిని కాపలా పెట్టారు. కాస్త ఓపిక పట్టు.

చీమ తప్ప ఏమీ చూడని,
నారాయణప్ప

తా.క. నడుంనొప్పని మూడేళ్లుగా కలుపుకు రాని నీ చెల్లెలు కదిరమ్మ, తెల్లారినప్పటి నుంచి చేలోనే ఉంది.

కళ్యాణదుర్గం,
12-8-1979

బావకు,

చీమను ఊరికే ఎవరు చూస్తారు? నీకు దొరికింది. సంతోషం. నా అద్దంతో దొరికింది కాబట్టి కడుపుమంట కూడా. వాటా అడగను. రాయి నువ్వుంచుకో, అద్దం నాకు పంపు. ఇక్కడ రెండెకరాలు పూర్తిగా మాడిపోయాయి. గొర్రెల రామదాసు వచ్చి "ఎట్లా పోయేదే కదన్నా, మందను తోలుకోనా?" అని అడిగిపోయాడు.

శ్రీరంగప్ప

తా.క. రాయి ఏ రంగు? ఊరికే, జ్ఞానం కోసం.

వజ్రకరూరు,
15-8-1979

శ్రీరంగప్పకు,

ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాడివి, ఆ మాట పోస్టుకార్డు మీద రాస్తావా? కార్డు నాకు చేరేలోపు దారిలో నలుగురు చదివారు. "మేష్ట్రే రంగు అడుగుతాండాడు, ఇంగ అనుమానమేముండాది" అన్నాడట ఎర్రిస్వామి. ఇప్పుడు గుంతకల్లు వాళ్లూ దిగారు. ఎల్లుండి కదిరమ్మ రొట్టెల మూటలో అద్దం పెట్టుకొని బస్సెక్కుతుంది. ఎవరికీ అనుమానం రాదు.

నారాయణప్ప

తా.క. దీన్ని కవరు అంటారు. చూసి నేర్చుకో.

కళ్యాణదుర్గం,
24-8-1979

బావకు,

ఎవరికీ అనుమానం రాదన్నావు. కదిరమ్మ వెనకే పందొమ్మిది మంది దిగారు. నేను నేరుగా చేలోకి నడిస్తే వాళ్లూ నడిచారు. ముడుచుకున్న ఆకు విప్పి చూశాను. లోపల నల్లతల పచ్చపురుగు. ఎర్రిస్వామి అద్దం లాక్కున్నాడు.

"దీనికేనా?"

"దీనికే."

చాలాసేపు చూశాడు. "మా శనక్కాయ చేన్లోనూ ఆకు ఇట్లే ముడుచుకుంటాండాదే" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ రాయి ఊసెత్తలేదు. ఒక్కొక్కరే వరసగా చూశారు.

గుంపును చూసి అధికారి జీపు ఆగింది. ఆయన దిగక తప్పలేదు, చూడకా తప్పలేదు. మర్నాడు మందొచ్చింది, మీ ఊరికీ పంపారు. మూడెకరాలు నిలబడ్డాయి. కొత్త చిగురు వేస్తోంది.

బస్సెక్కబోతూ కదిరమ్మ చెప్పింది: "ఆయప్ప వారానికే నా చేతికిచ్చి పంపినాడన్నా. నేనే ఇయ్యలేదు. చిన్నప్పుడు ఒక్కసారన్నా నన్ను చూడనిచ్చినావా నువ్వు?" ఇన్నేళ్లుగా పిండిలో పురుగుల్నీ తులసాకునీ చూసుకుంటోందట. అద్దం ఆమెకే ఇచ్చి పంపాను.

కానీ నా తిట్లన్నీ నోరు మెదపకుండా పడిన మనిషి ఒకడున్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కోపాన్ని తగిన చోట వాడుకునేవాణ్ణి. ముప్పై ఆరేళ్ల కోపం దండగైంది. దానికి మాత్రం క్షమించను.

శ్రీరంగప్ప

తా.క. ఎవరినని అడుగుతావేమో. నారాయణప్పను.