కారు షెడ్డులో కొత్త అరలు

నాందేడ్,
9 నవంబర్ 2025.

చిరంజీవి తమ్ముడు దాసుకు అన్న సూర్యకాంత్ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం, ఆమె మోకాళ్లు తప్ప. దెగ్లూర్‌లో నువ్వూ మరదలూ పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి కాగితం పట్టాను.

పెద్ద కబురు ఏమిటంటే, మా కారు షెడ్డులో సామాను అరలు నేనే కట్టాను. వారం పట్టింది. వెల్డింగు అక్కర లేకుండా, రంధ్రాలున్న ఇనుప యాంగిళ్లు తెచ్చి నట్లు బిగించాను. వెనక ఏటవాలుగా రెండు పట్టీలు వేసేసరికి ఊగడం ఆగింది. వానాకాలం నీళ్లు వస్తాయని కింది అర జానెడు ఎత్తులో పెట్టాను. నూనె డబ్బాలు, జొన్నల డ్రమ్ము కింద. దుప్పట్ల మూట పైన. మీ వదిన గుమ్మంలో నిలబడి, గోడకు బిగియ్యకుంటే మల్ల పడ్తది, ఈసారి ఎవరి మీద ఏస్తవ్ అన్నది. గోడకు ఎనిమిది బోల్టులు బిగించాను. తర్వాత రెండో అర మీద ఎక్కి కూర్చుని చాయ్ తాగాను. కిర్రుమని కూడా అనలేదు. ఎంత సంతోషమైందో చెప్పలేను.

నువ్వు చేసిచ్చిన పాత అరలు కూలి రెండేళ్లవుతోంది. మామిడికాయ తొక్కు జాడీలు మూడూ పగిలాయి. ఆ కోపంలో, మేనత్త రఖమాబాయి కూతురి పెళ్లిలో, పంక్తిలో అందరి ముందు నీ వెల్డింగు కచ్చా పని అన్నాను. నువ్వు విస్తరి ముందు నుంచి లేచిపోయావు. మళ్లీ మా గడప తొక్కలేదు. పోనీలే, పనిలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు, నువ్వూ పెట్టుకోకు. వచ్చి కొత్త అరలు చూసిపో.

ఆశీస్సులతో,
నీ అన్న
సూర్యకాంత్

తా.క.: మీ వదిన ఉత్తరం చదివి వినిపించమంది. విని, గిది పోస్టుల వెయ్యకు, నిజం రాయి, లేకుంటే నేనే దెగ్లూర్ పోయి చెప్త అన్నది. రాస్తున్నాను. నీ వెల్డింగు ఊడలేదు. అరలు కూలిన రోజే చూశాను, నీ అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆ ఏడు గణపతికి మండపం నిలబెట్టడానికి, నువ్వు గోడకు బిగించిన బోల్టులు నేనే ఊడదీశాను. నిమజ్జనం అయ్యాక తిరిగి బిగించడం మరిచాను. తెలిసీ నీ మీద వేశాను. ఇంటికి పెద్దవాణ్ని, నలుగురిలో నామోషీ అనిపించింది. తప్పు నాది తమ్ముడూ. ఈ రెండేళ్లూ నీ మొహం చూడలేకపోయింది నేనే. వచ్చే ఆదివారం రఖమాబాయి మనుమరాలిని తొట్టెలలో వేసే పండుగ. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక లేచి ఈ మాట చెప్తాను. నువ్వు వస్తే నీ పక్కన కూర్చుని తింటాను. రాకపోయినా చెప్తాను.