కౌంటరుకి నోరుండకూడదు

ప్రియమైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాసేది. ముప్పయ్యేళ్ళ కాపురంలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఇది ఫోన్లో చెప్పే విషయం కాదు. మన మందుల షాపుకీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క తెర. ఆ తెరకవతల పొద్దుటినుంచీ పార్టీవాళ్ళే. అందుకే పదో తరగతితో పక్కన పెట్టేసిన కలం మళ్ళీ పట్టుకున్నాను.

మీ తమ్ముడు మున్సిపల్ కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడ్డ సంగతి మీకు తెలుసు. "మందిచ్చిన చెయ్యి, మంచి చేసే చెయ్యి" అని గోడలన్నిటిమీదా రాయించారు. ఓటడగడానికి వెళితే జనం నాలుక చాపి, జ్వరమేమో చూడమంటున్నారట. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు.

ఆయనకి పోటీ ప్రైవేటు బడి హెడ్మాస్టరుగారు. మాస్టారికి ఫిట్స్ వస్తాయన్న మాట వారం రోజుల్లో ఊరంతా పాకింది. "మాట్లాడుతూనే పడిపోయే మనిషికి ఊరెలా అప్పగిస్తాం?" అంటున్నారు. మా పిల్లల్ని ఆ బడికి పంపేది లేదని కొందరు పట్టుబట్టారు.

ఈ జబ్బు సంగతి ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎవరికీ తెలియదు వదినా. పదకొండేళ్ళుగా మాస్టారి భార్య నెలనెలా వచ్చి, పక్క గుమ్మంలో నిలబడి, మా దగ్గరే మాత్రలు తీసుకుంటుంది. ప్యాకెట్టు కట్టేది నేనే. మామగారు పెట్టిన పద్ధతి ప్రకారం పైన పేరు రాయను, అంకె వేస్తాను. ఏ అంకె ఎవరిదో చెప్పే పుస్తకం సొరుగులో ఉంటుంది. కట్టిన ప్రతి ప్యాకెట్టు మీదా చెయ్యి పెట్టి, ఆ మనిషి కోసం ఓ మాట దేవుణ్ణి అడుగుతాను. మీరు నవ్వేవారు కూడా.

ఆ సొరుగు తాళంచెవి ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. మొన్న మీ తమ్ముడు "ఇలా ఇవ్వు" అని తీసేసుకున్నారు. ఎందుకన్నాను. జేబులో వేసుకుని షాపులోకి వెళ్ళిపోయారు. మందిరంలో మేము పెట్టెలో వేసే ప్రార్థన చీటీలు చదివే ఆవిడే ఆయన ప్రచారం కూడా చూస్తోంది. తాళంచెవి తీసుకున్న పూటే ఆవిడతో తెర వెనక గుసగుసలాడారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఆ పుస్తకం చూసేది మేమిద్దరమే. నేను ఎవరికీ చెప్పలేదు. ఇక ఎవరు మిగిలారో మీరే చెప్పండి.

మీ మరదలు


ప్రియమైన మరదలా,

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, రాసినవి మాత్రం నిప్పులు.

నా తమ్ముడు తిక్కవాడు, కాదనను. ఓట్ల కోసం కనబడ్డ ప్రతివాడి వీపూ నిమురుతుంటాడని కూడా విన్నాను. కానీ ఇది చెయ్యడు. చిన్నప్పుడు నేను, పక్కింటి పెళ్ళికూతురు మా షాపులో ఏ మందు కొందో స్నేహితురాలి చెవిలో వేశాను. నాన్న నెల రోజులు నన్ను షాపు మెట్టెక్కనివ్వలేదు. "కౌంటరుకి చెవులుండాలి, నోరుండకూడదు" అన్నాడు. తిట్లు నాకైతే ఏడ్చింది వాడు.

వాడు ఏదైనా దాస్తే చెవులు ఎర్రబడతాయి. ఎదురుగా నిలబెట్టి అడుగు, చెవులు చూడు. నేనూ ఫోన్ చేసి నాలుగు దులుపుతాను. నా ఉత్తరం మళ్ళీ వచ్చేదాకా నువ్వు మాత్రం తొందరపడి గుమ్మం దాటకు.

నీ వదిన


ప్రియమైన వదినగారికి,

మీరు చెప్పినట్టే అడిగాను. "మాస్టారి సంగతి బయటపెట్టింది మీరేనా?"

"ఆ మాట నన్నడగకు."

"మిమ్మల్ని కాక గోడనడగనా?"

"గోడే నయం. ఏమీ చెప్పలేనని బాధపడదు."

చెవులు చూశాను వదినా. కాల్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

బుధవారం మందిరానికి బయల్దేరుతుంటే "ఈ వారానికి మానెయ్" అన్నారు. ముప్పయ్యేళ్ళలో ఎన్నడూ అనని మాట. దేవుడి ముందు నిలబడితే నా నోట నిజం వచ్చేస్తుందని భయం కాబోలు. ఆ చీటీల ఆవిడా షాపుకి రావడం మానేసింది. పని అయిపోయిందిగా.

మీరు ఆగమన్నారు. ఆగలేకపోయాను. మాస్టారింటికి వెళ్ళాను. ఆయన భార్య కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు పక్కన పెట్టాను. "అమ్మా, మీ సంగతి మా షాపు నుంచే బయటికొచ్చింది. నేను చెప్పలేదు" అన్నాను. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మీ పక్క గుమ్మంలో నిలబడితే మందిరం ముందు నిలబడ్డట్టుండేదండీ" అని మాత్రం అందావిడ.

ఆదివారం సభలో ఎవరో లేచి ఇదే అడిగారట. మీ తమ్ముడు మైకు పట్టుకుని, "అవును, మా షాపు నుంచే వెళ్ళింది. షాపు నాది, తప్పు నాది. పోటీలోంచి తప్పుకుంటున్నాను" అని దిగి వచ్చేశారు. వచ్చి, ఏమీ జరగనట్టు సీసాలు తుడుస్తూ కూర్చున్నారు.

ఇప్పటికైనా ఒప్పుకోండి. మూడు రోజులుగా అన్నం వడ్డించి ఇవతలికి వచ్చేస్తున్నాను. మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోదామని పెట్టె దించాను.

మీ మరదలు


ప్రియమైన మరదలా,

పెట్టె మళ్ళీ పైన పెట్టు. ముందు ఈ కవర్లో ఉన్న చీటీ చూడు.

చూశావా? ఇక కూర్చో.

"హెడ్మాస్టరుగారికి ఫిట్స్ నయం కావాలి. ఆయన భార్య దిగులు తీరాలి." ముత్యాల్లాంటి అక్షరాలు. ఎవరివో నేను చెప్పాలా?

మొన్న వానాకాలంలో నువ్వు మందిరం పెట్టెలో వేసినదట. చదివే ఆవిడ దాచుకుంది. ఎన్నికలు రాగానే పదిమంది చెవిలో వేసింది. ఆ తర్వాత మెచ్చుకుంటాడనుకుని చీటీ తెచ్చి వాడికే చూపించింది. వాడు లాక్కుని, "ఇక మా గడప తొక్కకు" అన్నాడు. నువ్వు చూసిన గుసగుసలు అవే. ఆవిడ నీకు ఎదురుపడకూడదనే మందిరం మానెయ్యమన్నాడు.

నేను ఫోన్ చేసి దులిపితే వాడు ఇదంతా చెప్పి, నీ కంట పడకుండా సొరుగులో దాచి తాళం వేసుకున్న ఆ చీటీని నాకు పోస్టు చేశాడు. దానితోపాటు రెండే ముక్కలు: "అక్కా, చించబోతే చేతులు రాలేదు, దేవుణ్ణి అడిగిన కాగితం. ఇంట్లో ఉంటే తను చూస్తుంది. తెలిస్తే ఇక ఎవరికోసమూ ప్రార్థన చెయ్యదు." నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు పెట్టె దించావు కాబట్టి ఒట్టు తీసి గట్టున పెట్టాను.

నీ వదిన


ప్రియమైన వదినగారికి,

చీటీ చూశాక పెట్టె మళ్ళీ పైన పెట్టేశాను. మందిరంలో పేర్లు పైకి చదవరు. అయినా, పేరు లేకపోతే నా ప్రార్థన దారి తప్పి ఇంకొకరి ఇంటికి చేరుతుందేమోనని రాశాను. ప్యాకెట్టు మీద అంకె వేసే చేత్తోనే రాశాను. రాసి మరచిపోయాను.

ఆ చీటీ పట్టుకుని మళ్ళీ మాస్టారింటికి వెళ్ళాను. "మా ఆయన చెప్పలేదు. ఇది నా రాత" అని ఇద్దరి ముందూ పెట్టాను. మాస్టారు రెండుసార్లు చదివారు. "నా కోసం అడిగేవాళ్ళున్నారని తెలిసింది. ఇలా తెలియకుండా ఉండాల్సింది" అన్నారు. ఆయన భార్య మాత్రం, "ఈ నెల మాత్రలు పక్క ఊరినుంచి తెప్పించుకున్నాం" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ మా గుమ్మానికి వస్తుందో రాదో నాకు తెలియదు.

ఇంటికొచ్చి, ఎక్కడికి వెళ్ళానో మీ తమ్ముడికి చెప్పాను. "అక్క నోరు అంతే" అన్నారు. అన్నం ఇద్దరం కలిసి తిన్నాం. ఆయనకి నా మీద కోపం ఉంటే బాగుండుననిపించింది.

బుధవారం పొద్దున్న ఖాళీ చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. కలం కదల్లేదు. ఆయన తెర తీసుకుని వచ్చి, సొరుగు తాళంచెవి కాగితం పక్కన పెట్టారు.

"పేరెందుకు? అంకె వెయ్యి," అన్నారు. "దేవుడి దగ్గరా పుస్తకం ఉంటుంది."

వెళుతుంటే చెవులు చూశాను. మామూలుగానే ఉన్నాయి.

అంకె వేసి, మడిచి, మందిరానికి వెళ్ళాను.

వదినా, నా ఉత్తరాలు చించకండి. కట్టుకున్నవాణ్ణి ఎంతెంత మాటలన్నానో అన్నీ వాటిలో ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడైనా నేను ఎవరి చెవులైనా చూడబోతే, తీసి నాకే చదివి వినిపించండి. అందాకా మీ బీరువా అడుగున ఉండనివ్వండి. ఎవరికీ చూపించకండి. ముఖ్యంగా మీ తమ్ముడికి.

మీ మరదలు